సాంకేతిక రంగంలో స్త్రీ

"ఆడపిల్లకు యంత్రాలతో పనేమిటి?" అన్న ప్రశ్న మన ప్రజ్ఞాపూర్ పరిసరాలలో నేటికీ వినవస్తూనే ఉన్నది. దీనికి ఒక తెలుగు వనిత ఏనాడో తన జీవితంతో సమాధానం చెప్పినారు.

ఆమె అయ్యలసోమయాజుల లలిత. పదునైదవ యేట వివాహం. 1937లో, పద్దెనిమిదవ యేట వైధవ్యం. ఒడిలో నాలుగు నెలల పసికందు. అట్టి స్థితిలో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1943లో విద్యుత్ ఇంజనీరింగు విద్య పూర్తిచేసినారు. పిమ్మట కలకత్తాలో ఉద్యోగిస్తూ భాక్రానంగల్ విద్యుత్ పనులలో పాలుపంచుకొన్నారు. 1964లో న్యూయార్కులో జరిగిన ప్రథమ అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశానికి హాజరైనారు.

ఆమె ప్రతిభకు తోడు దొరికినది. అదే కళాశాలలో ఆచార్యులైన తండ్రి పప్పు సుబ్బారావుగారు ప్రవేశం అర్థించినారు. ప్రిన్సిపాల్ చాకోగారు అంగీకరించినారు. లీలమ్మ జార్జి, త్రేసియా అను మరి ఇద్దరు యువతులు సహాధ్యాయినులైనారు.

మన సోదరీమణులకు తెలివి కొదువలేదు. కొదువ ఆ తోడుకే. హైదరాబాదు బస్సులో ఒంటరిగా వెళ్లే కుమార్తెను గూర్చి తల్లిదండ్రులు ఆందోళన చెందుట సహజం. కాని అందుకు చదువు మాన్పించుట పరిష్కారమా?

కావున కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. కంప్యూటరు శిక్షణలో బాలికలను జట్లుగా చేర్చుకొని, సాయంకాలపు బస్సు వేళకు ముందే అభ్యాసం ముగియునట్లు ఏర్పాటు చేయవలెను. ఉర్దూ, తెలుగు బాలికలు ఒకే బల్ల వద్ద కూర్చొందురు గాక! తలుపు తెరిచేవారుంటే, లోనికి నడిచే బిడ్డలు మన ఇండ్లలోనే ఉన్నారు.