ఆమె మీద వేలు చూపిస్తే అది ప్రార్థన కాదు

గర్భంలోని బిడ్డల ప్రాణం కోసం క్లినిక్ బయట కొవ్వొత్తులు పట్టుకుని ప్రార్థన చేద్దాం రమ్మని మన యౌవనస్తులకు పిలుపులు వస్తున్నాయి. వెళ్లాలా, వద్దా అన్న ప్రశ్నకు మన మధ్య రెండు జవాబులు వినిపిస్తున్నాయి. ఒకటి: అదంతా అమెరికా గొడవ, మనకెందుకు? రెండోది: పాపాన్ని గేటు దగ్గరే ఆపాలి, లోపలికి వెళ్లే ప్రతి స్త్రీని నిలదీయాలి. ఈ రెండింటినీ మేము ఒప్పుకోం. మేము వెళ్తాం. కానీ ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకున్నాకే వెళ్తాం.

మొదటి జవాబు సంగతి చూద్దాం. నలభై రోజుల పాటు క్లినిక్ బయట ప్రార్థించే పద్ధతి 2004లో టెక్సాస్‌లో మొదలైన మాట నిజమే. పద్ధతి బయటిది కావచ్చు, ఏడుపు మాత్రం మనదే. గర్భస్రావ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 1971 ఆగస్టు 10న వచ్చింది. యాభై ఏళ్లు నిండిన 2021లో మన దేశ కతోలిక సంఘం ఆ రోజును సంతాప దినంగా పాటించింది. మన చుట్టుపక్కల చూడండి. 2007లో ఒడిశాలోని నయాగఢ్‌లో ఒక ప్రైవేటు క్లినిక్ దగ్గరి పాడుబడ్డ బావిలో ప్లాస్టిక్ సంచుల్లో పిండాలు దొరికాయి. 2012లో మహారాష్ట్రలోని పర్లీలో ఆడపిండాన్ని తీయించే ప్రయత్నంలో ఒక తల్లి చనిపోయింది. ఆ కేసులో డాక్టర్ దంపతులకు 2019లో శిక్ష పడింది. 2023లో కర్ణాటకలోని మండ్యలో బెల్లం వండే ఆలెమనెలోనే స్కానింగ్ మెషీన్ పెట్టి నడిపిన ముఠాను పోలీసులు పట్టుకున్నారు. దేశంలో ఆరేళ్ల లోపు మగపిల్లలు వెయ్యి మంది ఉంటే ఆడపిల్లలు 2001లో 927 మంది, 2011లో 918 మంది. బీడ్ జిల్లాలో 2011 లెక్క 807. సోలాపూర్‌లో, కోలారులో, బరంపురంలో తరతరాలుగా కాపురముంటున్న మనం ఇది ఎవరి గొడవో అనగలమా?

ఇక రెండో జవాబు. గేటు దాటి లోపలికి పోతున్న స్త్రీ ఎందుకు వచ్చిందో రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు ఏం తెలుసు? కడుపులో బిడ్డ చనిపోయి వచ్చి ఉండొచ్చు. రక్తస్రావం ఆగక వచ్చి ఉండొచ్చు. బలాత్కారానికి గురైన పదిహేనేళ్ల పిల్లను వాళ్లమ్మ పట్టుకొచ్చి ఉండొచ్చు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోదీ ఆడపిల్లేనని తెలిసి అత్తింటివాళ్లు బలవంతాన తెచ్చి ఉండొచ్చు. ఆమె ముఖాన బొమ్మలు పెట్టడం, ఫోనులో వీడియో తీయడం, నరకం పేరు చెప్పి అరవడం ప్రార్థన కాదు, రాళ్లు రువ్వడమే. ఆమె పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలని 2021 సవరణ చెబుతోంది. డాక్టరు నోటికి చట్టం వేసిన కళ్లెం మన ఫోనుకు మనమే వేసుకోవాలి.

లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టాన్ని చూడండి. కడుపుతో ఉన్న స్త్రీకి ఆ పరీక్ష చేయించారంటే, భర్తో బంధువులో ఆమెను బలవంతపెట్టారనే కోర్టు మొదట భావించాలని 24వ సెక్షన్ చెబుతోంది. అలా కాదని రుజువు చేయాల్సిన బరువు అవతలివాళ్లదే. చట్టం ముందుగా ఇంటివాళ్లను అడుగుతోంది. మన ప్రార్థన గుంపు మాత్రం ముందుగా ఆమెనే అడిగితే, కనికరంలో చట్టం మనకంటే ముందున్నట్టే కదా!

బైబిల్ మనకు చూపించే దారి కూడా ఇదే. ఫరో పసిబిడ్డలను చంపమన్నప్పుడు షిఫ్రా, పూయా తల్లుల మీద విరుచుకుపడలేదు. ప్రసవపు పీట దగ్గర తల్లి పక్కన ఉండి, రాజు మాట తోసేశారు. అరణ్యంలో హాగరు దగ్గరికి వచ్చిన దూత ఎక్కడినుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆ తర్వాత బిడ్డ దాహంతో చావబోతున్నప్పుడు దేవుడు ఆమెకు నీళ్ల బావి చూపించాడు. అడగడం, వినడం, నీళ్లు చూపించడం. ఈ మూడూ లేని ప్రార్థన గాలిలో మాటే.

మన ఫరో ఎవరు? కట్నం. 1961లోనే చట్టం దాన్ని నిషేధించింది. అయినా క్రైస్తవ సంబంధాల్లోనూ ‘కానుక’ అనీ ‘లాంఛనాలు’ అనీ పేరు మార్చి లెక్క మాట్లాడుకోవడం ఆగలేదు. ప్రధానం రోజు ఆ లెక్క తెలిసీ ఆశీర్వాదం పలికే కాపరి, మర్నాడు క్లినిక్ ముందు కొవ్వొత్తి వెలిగిస్తే ఆ వెలుగు ఎవరికి దారి చూపిస్తుంది? ఆడపిల్లంటే అప్పు అని ఇంట్లో నేర్పుతున్నంత కాలం స్కానింగ్ సెంటర్లకు బేరం తగ్గదు.

ఇవన్నీ మాట్లాడితే గర్భంలోని బిడ్డ విషయం పలచబడిపోతుందని కొందరు పెద్దలు అంటున్నారు. మేము అలా అనుకోం. ఆ బిడ్డ దేవుని పోలికే. అలా నమ్మేవాళ్లు తల్లినీ దేవుని పోలికగానే చూడాలి, పుట్టిన తర్వాత కూడా ఆ బిడ్డ బాధ్యత మొయ్యాలి. తొమ్మిది నెలలు ప్రార్థించి పదో నెల నుంచి ముఖం చాటేసే ప్రేమ ఏం ప్రేమ?

అందుకే యౌవనులారా, రండి. గేటుకు అడ్డం పడకుండా, వేలు చూపించకుండా, ఫోన్లు జేబుల్లో పెట్టుకుని మౌనంగా ప్రార్థిద్దాం. ఎవరైనా ఆగి మాట్లాడితే ముందు విందాం. ఆస్పత్రి ఖర్చుకు, ప్రసవం తర్వాత ఉండే చోటుకు సంఘం నుంచి ఏం ఇవ్వగలమో ముందే సిద్ధం చేసుకుని వెళ్దాం. పెంచలేనన్న తల్లికి శిశు సంక్షేమ కమిటీ దారి చెబుదాం. బిడ్డను అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువిస్తుందని చెబుదాం.

ప్రార్థన అయ్యాక అక్కడితో ఆగొద్దు. మీ ఊరి స్కానింగ్ సెంటర్‌లో, లింగం చెప్పడం నేరమన్న బోర్డు స్థానిక భాషలో ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే జిల్లా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పదిహేను రోజుల నోటీసు ఇచ్చాక నేరుగా కోర్టుకు వెళ్లే హక్కు మనలాంటి సామాజిక సంస్థలకూ ఉంది. ఆ హక్కు వాడని సంఘం ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా సగం పనే చేసినట్టు. ఇంకో మాట. మీ పెళ్లి సంబంధంలో కట్నం వద్దని నోరు తెరిచి చెప్పండి. పుట్టబోయే ఆడబిడ్డ కోసం మీరు చేసే మొదటి ప్రార్థన అదే.