పూల లెక్క

అమెరికాలో రాకీ పర్వతాల మీద గోథిక్ అనే ఊరున్నది. వెండిగనులు మూతపడగానే జనం ఊరు విడిచిపోయారు. 1928లో శాస్త్రజ్ఞులు వచ్చి ఆ పాడుపడిన ఊళ్ళోనే పరిశోధనశాల పెట్టారు.

1973లో డేవిడ్ ఇనౌయి అనే విద్యార్థి అక్కడ చిన్నచిన్న మళ్ళు గుర్తుపెట్టుకుని, వాటిలో పూలు లెక్కపెట్టసాగాడు. దాదాపు ప్రతి వేసవిలోనూ అవే మళ్ళు, అదే లెక్క!

"ఎందుకీ శ్రమ?" అని మీరడగవచ్చు.

ఏళ్ళు గడిచినకొద్దీ ఒక సంగతి బయటపడింది. ఎండలు ముదిరి, కొండమీది మంచు పెందలాడే కరుగుతున్నది. మొక్కలు తొందరపడి మొగ్గ తొడుగుతున్నాయి. ఆ తరవాత ఒక్క రాత్రి గట్టి చలి వేసిందంటే, పొద్దుతిరుగుడును పోలిన ఒక పసుపుపువ్వు మొగ్గలన్నీ మాడిపోతాయి. ఇక ఆ ఏడు విత్తనాలు లేవు. తేనెటీగలకు తిండీ తగ్గుతుంది.

ఒక్క ఏడు చూస్తే ఇది తెలిసేదేనా? కొండ కథ చదవటానికి ఒక మనిషి జీవితం చాలదు. అందుకే ఆ లెక్కను ఇప్పుడు యువశాస్త్రజ్ఞులు అందుకున్నారు.