డబ్బాలో ఉంటే ఇనుము, మిషనుకి తగిలిస్తే పనిముట్టు

నా హాస్టల్ గదిలో పుస్తకాల పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. మూత తీసి చూసినవాళ్లు మొదట అడిగే మాట ఒకటే: "ఏంట్రా ఇవి, పళ్ల డాక్టరు సామానా?" కాదు. పాత కుట్టు మిషను అటాచ్‌మెంట్లు. కుచ్చులు పెట్టేది, కాజాలు కుట్టేది, రుమాలు అంచు మడిచేది, పైపింగ్ వేసేది, ఇలా మొత్తం పదకొండు. కొన్ని అమ్మమ్మ ఇచ్చింది. మిగతావి జుమ్మేరాత్ బజార్లో పాత ఇనప సామాన్ల కుప్పల్లోంచి నేనే ఏరుకున్నాను.

రెండేళ్లు వాటిని తుడిచాను, ఫోటోలు తీశాను, వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఒక్కదానితో ఒక్క కుట్టు కూడా వేయలేదు. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పాత పనిముట్టుని సేకరించడం సగం పనే. దానితో పని చేయడం కూడా నేర్చుకోవాలి. లేకపోతే మనం దాచుకున్నది ఇనుమునే.

అసలు ఈ అటాచ్‌మెంట్లు ఎందుకు పుట్టాయో చూద్దాం. మన ఇళ్లల్లో ఉండే పాత నల్ల మిషన్లకి తెలిసిన విద్య ఒక్కటే, తిన్నగా కుట్టడం. సూది పైకీ కిందికీ ఆడుతుంది తప్ప పక్కకి జరగదు. కానీ కాజా చుట్టూ జిగ్‌జాగ్ కుట్టు పడాలి. ఎలా? సూది పక్కకి జరగకపోతే గుడ్డనే జరుపుదాం అనుకున్నారు. సింగర్ కంపెనీ 160506 నంబరు కాజా అటాచ్‌మెంట్ చేసేది అదే. దాని అడుగున ఒక లోహపు అచ్చు పెడతాం. మిషను సొంత పళ్లు గుడ్డని లాగకుండా వాటి మీద ఒక మూత ప్లేటు బిగిస్తాం. ఇక అటాచ్‌మెంటే గుడ్డని పట్టుకుని అటూ ఇటూ ఊపుతూ, అచ్చు ఆకారం వెంబడి ఒక చుట్టు తిప్పుతుంది. అచ్చు మారిస్తే కాజా పొడవు మారుతుంది. కరెంటు లేదు, చిప్ లేదు. మనం కోడ్‌లో రాసేదాన్ని వాళ్లు లోహంలో కోశారు.

కుచ్చులు పెట్టే రఫ్లర్ ఇంకా ముచ్చటగా ఉంటుంది. దానికి రెండు కొమ్ములున్న చెయ్యి ఒకటి ఉంటుంది. సూదిని బిగించే మర మీద అది కూర్చుంటుంది. సూది లేస్తే చెయ్యి లేస్తుంది, సూది దిగితే చెయ్యి దిగుతుంది. ఆ కదలికని లోపలి లివరు ముందుకీ వెనక్కీ కదలికగా మారుస్తుంది. అప్పుడు పళ్లున్న పల్చటి ఉక్కు రేకు గుడ్డని సూది దగ్గరికి తోస్తుంది, ఒక మడత పడుతుంది. ముందున్న మీటని 1 మీద పెడితే ప్రతి కుట్టుకీ మడత, 6 మీద పెడితే ఆరు కుట్లకొకటి, 12 మీద పెడితే పన్నెండు కుట్లకొకటి. నక్షత్రం గుర్తు మీద పెడితే మడతలే పడవు. ఈ లెక్క పెట్టేది లోపలున్న రాచెట్ చక్రం. కైనమాటిక్స్ పరీక్ష కోసం రాచెట్ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. అది లెక్కపెడుతుందని తెలిసింది మాత్రం ఈ రఫ్లర్ విప్పినప్పుడే.

ఇందులో మన బ్రాంచీలన్నిటికీ పనికొచ్చే పాఠం ఇంకోటి ఉంది. అటాచ్‌మెంట్‌ని ప్రెజర్ బార్‌కి ఒకే ఒక్క మరతో బిగిస్తారు. ఆ బిగింపు ఎత్తునీ వాలునీ బట్టి లో షాంక్, హై షాంక్, స్లాంట్ షాంక్ అంటారు. మన ఇళ్లల్లోని నల్ల మిషన్లు చాలావరకు లో షాంకే. అమెరికాలో న్యూ హేవెన్‌లోని గ్రైస్ట్ కంపెనీ వేర్వేరు కంపెనీల మిషన్లకి అటాచ్‌మెంట్లు తయారుచేసేది. బిగించే చోటు కొలత కుదిరింది కాబట్టే అది సాధ్యమైంది. 1950ల నాటి లో షాంక్ రఫ్లర్ ఈ రోజు అమ్మే లో షాంక్ మిషన్లలో చాలావాటికి పడుతుంది. మూడేళ్ల కిందటి ఫోను చార్జరు ఇప్పటి ఫోనుకి పట్టక తిట్టుకున్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఇక సేకరణ సంగతి. సింగర్ వాళ్ల చెక్క పెట్టె ఒకటి ఉంది, 1889 నాటి పేటెంటుది. తెరిస్తే బల్ల మీద పరుచుకుంటుంది, ప్రతి అటాచ్‌మెంట్‌కీ లోపల దాని చోటు దానికి ఉంటుంది. సేకరించేవాళ్లు దాన్ని పజిల్ బాక్స్ అంటారు. అలాంటివాటిని జాగ్రత్తగా దాచాల్సిందే, కాదనను. కానీ ఒక అలవాటు నాకు నచ్చదు. పెట్టె విప్పనిది, ఒక్కసారీ వాడనిది అయితేనే గొప్ప అనడం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు రఫ్లర్‌ని అమ్మమ్మ మిషనుకి బిగించి చూశాను. మడత పడలేదు. "అమ్మమ్మా, ఇది పోయింది. రాచెట్ అరిగినట్టుంది" అన్నాను. ఆవిడకి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు. దగ్గరికొచ్చి వేళ్లతో తడిమింది. "ఏమీ అరగలేదురా. దీని చెయ్యి మర మీద కూర్చోలేదు, పక్కకి జారిపోయింది. సరిగ్గా పెట్టి, ముందు చక్రం చేత్తో తిప్పు. తొక్కకు" అంది. తిప్పాను. టక్కుమని మొదటి మడత పడింది.

నేను వెంటనే గౌను గుడ్డ అందుకుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు రెండు మూడు జానల పాత గుడ్డ కుట్టు. ఎంత పొట్టిదైందో కొలుచుకో. తర్వాత కత్తిరించు." 60 సెంటీమీటర్ల గుడ్డ 36 అయింది. అంటే 3 మీటర్ల అంచుకి 5 మీటర్ల పట్టీ కావాలి. ఆ సాయంత్రం పిన్ని కూతురి గౌనుకి కుచ్చు పెట్టాం.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రఫ్లర్ ఇంకో యాభై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. "చెయ్యి మర మీద కూర్చోలేదు" అని తడిమి చెప్పే మనిషి అన్నేళ్లు ఉండదు. నేను రెండేళ్లు దాచింది దేన్ని? ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన రెండు వేసవులు మాత్రం పోగొట్టుకున్నాను.

వాడితే అరిగిపోదా అని మా రూమ్మేట్ అడిగాడు. అరుగుతుంది. కానీ నా డబ్బాలోని వాటికి ఎక్కువ హాని చేసింది వాడకం కాదు, తుప్పూ ఎండి గట్టిపడిన నూనే. కిరోసిన్‌తో కడిగి, ఆరాక రెండు చుక్కల మిషను నూనె వేసి, చక్రం చేత్తో తిప్పి సూది దేనికీ తగలట్లేదని చూసుకుని, నిదానంగా తొక్కితే ఇవి బాగానే నడుస్తాయి. కొత్త మిషన్లు బటన్ నొక్కితే కాజా కుట్టేస్తాయి కదా అన్నారు ఇంకొందరు. నిజమే. రోజుకి ముప్పై చొక్కాలు కుట్టే టైలరన్నని పాత అటాచ్‌మెంట్ వాడమని నేను చెప్పను. రేపు వస్తువులు డిజైన్ చేయబోయే మనకి చెబుతున్నాను.

ఒక చిన్న ఉదాహరణ. నా కాజా అటాచ్‌మెంట్‌కి ఒక సైజు అచ్చు లేదు. ఉన్నవాటిని వెర్నియర్‌తో కొలిచి, క్యాడ్‌లో గీసి, ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ మీద తీశాం. మొదటిది వదులైంది. రెండోది బిగుసుకుపోయింది. మూడోది నడిచింది. టాలరెన్స్ అంటే ఏంటో క్లాసులో రాసుకున్న నిర్వచనం కంటే ఆ రెండు పనికిరాని ముక్కలు నాకు బాగా నేర్పాయి. వాడకపోయి ఉంటే ఒక అచ్చు తక్కువన్న సంగతే పట్టించుకునేవాణ్ణి కాదు.

దసరాకి ఇంటికెళ్తున్నారు కదా. మిషను సొరుగు తెరిచి చూడండి. దారపు ఉండల కింద ఇలాంటివి ఏమైనా ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి, అలాగని నాలాగా అద్దం వెనకా పెట్టకండి. అమ్మనో, అమ్మమ్మనో, వీధి చివరి టైలరన్ననో పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎలా వాడేవాళ్లు?" అని అడగండి. వాళ్లు చెబుతుండగా మీ చేత్తో ఒక జానెడు కుట్టండి. వంకరగా వచ్చినా ఫరవాలేదు, నాదీ వంకరే వచ్చింది.