ఐదో అంతస్తులో భోజనం

హసన్‌పర్తి నుండి బయలుదేరేటప్పుడు అమ్మీ అటుకులు, ఖర్జూరాలు, ఒక సీసా మామిడి పచ్చడి సంచిలో పెట్టుకున్నది. హాంకాంగ్ చేరాక రెండు రోజులు ఆమె తిన్నవి అవే.

"పంది కొవ్వు తగలని గరిటె ఈ ఊళ్లో ఉందా బేటా?" అని అడిగింది. ఆ అనుమానం వట్టిది కాదు. అక్కడి బన్నులలో పంది కొవ్వు కలపడం పాత వాడుక. కూరగాయల వంటకానికి సైతం మాంసపు రసం వాడవచ్చు. ప్రయాణం తలపెట్టే పాఠకులు 'మాంసం లేదు' అన్న మాటతో తృప్తి పడకూడదు.

మూడవ రోజు జుహర్‌కు నాథన్ రోడ్డులోని కౌలూన్ మసీదుకు వెళ్లాము. 1896లో బ్రిటిష్ సైన్యంలోని భారతీయ ముస్లిం సిపాయిల కోసం వెలసిన మసీదు అది. నేటి తెల్లని కట్టడం 1984 నాటిది. ముసాఫిర్లమైనా స్థానిక ఇమాము వెనుక నిలిచినందున నాలుగు రకాతులూ పూర్తి చేశాము. వాన్‌చాయ్‌లోని అమ్మార్ మసీదులో హలాల్ భోజనశాల ఉన్నదని అక్కడి నమాజీ ఒకరు చెప్పారు.

పడవలో అఖాతం దాటి వెళ్లాము. ఐదో అంతస్తులో వెదురు బుట్టలలో ఆవిరి మీద ఉడికిన డిమ్‌సమ్ వచ్చింది. రొయ్యలపై మా ఇంటి చర్చ పాతది. ఆ బుట్టను నా వైపు జరిపి, అమ్మీ కోడిమాంసపు బుట్ట అందుకొని పచ్చడి సీసా మూత తీసింది.

సాయంత్రం విక్టోరియా శిఖరం నుండి నగరమంతా దీపాలతో కనిపించింది. "రేపు కూడా ఆ ఐదో అంతస్తుకేనా?" అన్నది అమ్మీ.