విజ్ఞాన వీధి: 'మామూలే' అనే ముందు

గత మాసం మన టౌన్‌షిప్‌లో ఒక ఛాయాచిత్రం చేతులు మారుతూ చివరకు మా బల్ల మీదికి చేరింది. తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి సాయంసంధ్యవేళ క్వార్టర్స్ మేడ మీద నుంచి నెలవంకను ఫోనుతో చిత్రించింది. చిత్రంలో ఎడమవైపు దిగువన వీధి కూడలిలోని హైమాస్ట్ దీపం, పైన నెలవంక కనిపిస్తున్నాయి. కుడివైపు పైభాగాన మాత్రం ఆకుపచ్చని ఛాయలో ఒక చిన్న బిళ్ళ వెలుగుతున్నది. ఫొటో తీసినప్పుడు అటువంటిదేదీ తన కంటికి కనబడలేదని ఆ బాలిక చెప్పింది.

క్యాంటీన్‌లో టీ వేళ చర్చ రగిలింది. ఎగిరే పళ్ళెమని ఒకరు, డ్రోన్ అని వేరొకరు వాదించారు. అనుభవజ్ఞులైన మరొక మిత్రులు చిత్రాన్ని సరిగా చూడకుండానే "మామూలే" అని తేల్చివేశారు. నలుగురూ నవ్వుతున్నారని తల్లి ఆ ఫొటోను చెరిపివేయమన్నది. అమ్మాయి మాత్రం, "మామూలైతే అదేమిటో చెప్పండి అంకుల్" అని అడిగింది. ఆ ప్రశ్నకు మాలో ఎవరి వద్దా తక్షణ సమాధానం లేదు.

ఛాయాచిత్రంలో దిశ ఉంటుంది, దూరం ఉండదు. కటకానికి జానెడు దూరంలో ఎగిరే దోమ, వంద గజాల ఎత్తున తేలే గాలిపటం, కోట్ల కిలోమీటర్ల అవతలి గ్రహం ఒకే పరిమాణంలో చుక్కగా పడవచ్చు. దూరం తెలియనిదే వస్తువు పరిమాణమూ తెలియదు, వేగమూ తెలియదు. కనుకనే "ఎంత పెద్దది, ఎంత వేగంగా పోయింది" అన్న వాదాలు చిత్రాన్ని ఎంతసేపు చూసినా తెగవు.

ఈ చిక్కు పిల్లల ఫొటోలకే పరిమితం కాదు. లదాఖ్‌లో పాంగాంగ్ సరస్సు ప్రాంతాన 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు మన సైనికులు ఆకాశంలో వెలిగే వస్తువులను 329 సార్లు గమనించి నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి వాస్తవాధీన రేఖను దాటి వచ్చినట్లు భావించారు. పొరుగు దేశపు గూఢచారి డ్రోన్లన్న అనుమానం కలిగింది. సరిహద్దు విషయం గనుక తేలికగా కొట్టివేయడానికీ వీలులేదు, తొందరపడి నమ్మడానికీ వీలులేదు. బెంగళూరులోని భారత ఖభౌతిక సంస్థ శాస్త్రజ్ఞులను సంప్రదించారు. నక్షత్రాలతో పోల్చినప్పుడు ఆ వెలుగులు ఏ విధంగా కదులుతున్నాయన్నదే వారు ముందుగా పరిశీలించిన అంశం. తుదకు అవి గురుడు, శుక్రుడు అని నిర్ధారణ అయింది. ఈ వార్త వెలువడినపుడు నవ్వినవారున్నారు. కాని అలుపెరుగక వ్రాసి ఉంచిన నమోదులు లేకపోతే శాస్త్రజ్ఞులకు పరిశీలించడానికి ఏమి మిగిలేది? సైనికులు తమ కర్తవ్యం చేశారు, శాస్త్రజ్ఞులు తమది చేశారు.

2022 డిసెంబరు 7న హైదరాబాదు ఆకాశంలో తెల్లని బిళ్ళ వంటిది కనిపించి, దాని చిత్రాలు నగరమంతా వ్యాపించాయి. అది పరిశోధక బెలూన్ అని తేలింది. టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు హైదరాబాదులోని తమ కేంద్రం నుంచి దశాబ్దాలుగా ఇటువంటి బెలూన్లను ఎగురవేస్తున్నారు. పలుచని పాలిథిలిన్ పొరతో చేసి హైడ్రోజన్ నింపే ఈ బెలూన్లు 30 కిలోమీటర్లకు మించిన ఎత్తుకు పోగలవు. పైకి పోయే కొద్దీ బయటి పీడనం తగ్గి విపరీతంగా ఉబ్బుతాయి. సూర్యకాంతి పడినపుడు నేలమీది వారికి మెరిసే బిళ్ళలా కనిపిస్తాయి. ఆ రోజుననే వికారాబాద్ జిల్లాలో పొలాల మధ్య ఒక పెద్ద క్యాప్సూల్ దిగగా, చూడడానికి గ్రామస్థులు గుమికూడారు. అది ఒక స్పానిష్ సంస్థవారి ప్రయోగానికి చెందినదని తరువాత తెలిసింది. బెలూన్ అన్నవారి మాటే నిజమైంది. అయినా అది తెలుసుకోదగిన విశేషమే కదా!

ఇక మన అమ్మాయి చిత్రం. దానిని కాగితం మీద అచ్చువేయించి, హైమాస్ట్ దీపం నుంచి చిత్రం నడిమి బిందువు మీదుగా స్కేలుతో ఒక గీత గీశాము. ఆ గీత సూటిగా ఆకుపచ్చ బిళ్ళను తాకింది. నడిమి బిందువు నుంచి దీపం ఎంత దూరమో బిళ్ళ కూడా అటువైపు అంతే దూరం. కటకపు ఉపరితలాల మధ్య బలమైన కాంతి అటూ ఇటూ పరావర్తనం చెంది ఏర్పరచే ప్రతిబింబానికి ఇది సామాన్య లక్షణం. అయినా గీతతో తృప్తిపడక, మరునాటి సాయంకాలం అమ్మాయిని వెంటబెట్టుకొని మేడ ఎక్కాము. ఫోను పక్కకు జరిపితే బిళ్ళ కూడా తెరమీద జరిగింది. దీపపు కాంతి కటకం మీద పడకుండా అరచేయి అడ్డుపెట్టగానే మాయమైంది. చేయి తీసి, మళ్ళీ అడ్డుపెట్టి, నాలుగైదుసార్లు ఆమె స్వయంగా పరీక్షించుకున్నది. ఆ తరువాతనే, "అయితే ఇది మన దీపమే" అన్నది. ఫొటోను చెరపలేదు.

"మామూలే" అన్న మిత్రులు చెప్పినది చివరకు నిజమే అయినా, వారు దానిని కనుగొనలేదు. మన కర్మాగారంలోనూ పంపు శబ్దంలో కొత్త తేడాను, మీటరు ముల్లు వింత కదలికను కుర్రవాడెవరైనా చూపినపుడు అనుభవం గల మన నోట అదే మాట వస్తుంది. పది సార్లలో తొమ్మిది సార్లు అది నిజమే కావచ్చు. పదవసారి ఏదో ముందుగా చెప్పగల మాట కాదు. చూపిన కుర్రవాణ్ణి చూసి నవ్వితే, ఆ పదవసారి అతడు మనకు చెప్పడు.

పాఠక మహాశయులు, వారి పిల్లలు ఆకాశంలో వింత గోచరిస్తే చిత్రాలను మాకు పంపవచ్చు. తేదీ, సమయం, చూసిన దిక్కు, ఎంతసేపు కనిపించింది, కంటికి కూడా కనిపించిందా అన్న వివరాలు తప్పక వ్రాయండి. షిఫ్టు లాగ్ బుక్కు వ్రాసే మనకు ఇది కొత్త విద్య కాదు.