తప్పు బ్యాటరీది కాదు

బండి చక్రం తిరిగితేనే పొయ్యి వెలిగే ఇళ్ళు మన పాఠకులలో తక్కువేమీ కాదు. ఈ నెల మాటలు ముఖ్యంగా ఆ ఇళ్ళ వారితోనే.

మా వద్ద చదువుకొని వెళ్ళిన ఒక పూర్వ విద్యార్థి ఇటీవల మమ్మల్ని చూడవచ్చాడు. చేతులు మారి వచ్చిన ఒక పాత డీజిల్ పికప్ అతని జీవనాధారం. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు ఎత్తుకొని, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి, దోర్నాల, మార్కాపురం వైపు దించి రావడం అతని పని. "హజ్రత్! ఈ బండికి బ్యాటరీ అచ్చిరావడం లేదు. ఏడాదిలో రెండు మార్చాను. రెండవది వేసి రెండు నెలలే అయింది, నిన్న తెల్లవారుజామున సెల్ఫ్ తీసుకోలేదు" అని వాపోయాడు. మూడవ బ్యాటరీకి చేబదులు అడగడానికే వచ్చినట్లు మాకు అర్థమైనది. సొమ్ము మాట తర్వాత చూద్దాము, ముందు బానెట్ ఎత్తుమన్నాము.

మేము మిస్త్రీలము కాము. అయితే మా బాల్యంలో సెలవులన్నీ బెజవాడ ఆటోనగర్‌లో మా చాచాగారి లారీ కరెంటు షాపులోనే గడిచినవి. బ్యాటరీ చచ్చిందని వచ్చిన ప్రతి డ్రైవరుకూ చాచాగారు ముందు ఒకే ప్రశ్న వేసేవారు: "కుండ పగిలిందా, నీళ్ళే పోయడం లేదా?" బ్యాటరీ కుండ వంటిది. అది కరెంటును పుట్టించదు, దాచిపెడుతుంది. పుట్టించేది డైనమో. డైనమోను తిప్పేది ఫ్యాన్ బెల్టు. బెల్టు జారుతుంటే ఎంత ఖరీదైన బ్యాటరీ తెచ్చి పెట్టినా నాలుగు నాళ్ళకు ఖాళీ కాక తప్పదు.

ముందుగా తాళం చెవి తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచమన్నాము. డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ గుర్తుగల ఎర్ర దీపం వెలగాలి. వెలగలేదు. "అది ఎప్పుడూ వెలగదు హజ్రత్, అందుకే ఛార్జింగ్ బాగుందనుకున్నాను" అన్నాడు. ఎందరో పొరపడే చోటు ఇదే. ఆ దీపం తాళం తిప్పగానే వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాలి. అసలే వెలగలేదంటే బల్బు మాడిపోయి ఉండవచ్చు, లేదా వైరు తెగి ఉండవచ్చు. పాత రకం డైనమోలు చాలావాటికి తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. అది మాడిపోతే, ఇంజిన్‌ను బాగా రేజ్ చేసినదాకా డైనమో మేల్కొనదు. పది రూపాయల బల్బని చులకన చేయరాదు.

తర్వాత ఇంజిన్ ఆపించి, తాళం చెవి మా చేతికి తీసుకొని, బెల్టు తడిమి చూశాము. (ఇంజిన్ నడుస్తుండగా కుర్తా చేతులతో, మెడలో రుమాలుతో బెల్టు దగ్గరకు ఎవరూ వంగరాదు. చాచాగారి షాపులో ఒక కుర్రవాని వేళ్ళు పోవడం మేము కళ్ళారా చూశాము.) బెల్టు ప్రక్కలు అద్దంలా నునుపు తేలి ఉన్నవి. వంచి చూస్తే లోపలివైపు అడ్డంగా పగుళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, బెల్టు పుల్లీ గాడిలో అడుగుకంటా దిగిపోయి ఉన్నది. వీ ఆకారపు బెల్టు తన ప్రక్కలతోనే పుల్లీని పట్టుకోవాలి. అడుగును తాకినదంటే దానికి పట్టు లేనట్లే. ఇక దానిని ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. పైగా ఆ బిగింపుకు డైనమో బేరింగూ, వాటర్ పంపు బేరింగూ పాడవుతాయి. రెండు పుల్లీల నడుమ పొడవైన చోట బొటనవ్రేలితో గట్టిగా నొక్కితే 10 నుండి 15 మిల్లీమీటర్లు దిగాలి. అంతకు మించితే వదులు, అసలు కదలకపోతే అతి బిగువు.

"ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తుందా?" అని అడిగాము. అరుస్తుందట, సబ్బు రాస్తే ఊరుకుంటుందట. సబ్బుతో ఊరుకునేది అరుపే, జారుడు కాదు. రాత్రి ఖర్చయినదంతా తిరిగి నింపే భారం స్టార్ట్ అయిన తొలి నిమిషాలలో డైనమోపై పడుతుంది. అరిగిన బెల్టు అప్పుడు జారి అరుస్తుంది. హెడ్‌లైట్లు వేసినప్పుడూ అంతే.

డైనమో వెనుకభాగం చూసిన తర్వాతనే మా మనసు కలవరపడినది. అతని బండిలో, ఇటువంటి పాత డీజిల్ బండ్లు అనేకంలో వలెనే, బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు డైనమో ఇరుసుకే బిగించి ఉన్నది. అంటే డైనమో తిరిగితేనే పంపు తిరుగుతుంది. ఇంజిన్‌లో నీటిని త్రిప్పే వాటర్ పంపుకూ అదే బెల్టు. కరెంటు, నీరు, బ్రేకు, ఈ మూడూ ఒక్క రబ్బరు పట్టీపై వ్రేలాడుతున్నవి.

"ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పెడల్ ఎప్పుడైనా రాయిలా గట్టిపడినదా?" అని అడిగాము. కుర్రవాడు కొంతసేపు మాట్లాడలేదు. "రెండుసార్లు హజ్రత్. రాత్రి, లైట్లు వేసుకొని దిగుతుంటే. రెండు కాళ్ళతో తొక్కి ఆపాను. ఇంట్లో చెప్పలేదు" అన్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు గలవాడు. బూస్టర్ పోయిందేమో, చేతిలో డబ్బు ఆడినప్పుడు చూద్దామని ఊరుకున్నాడట. బెల్టు పూర్తిగా తెగితే బూస్టర్‌లో మిగిలే బలం రెండు మూడు తొక్కుళ్ళకు మించి రాదు. కాలి బలంతో బ్రేకు అప్పటికీ పడుతుంది గానీ, నిండు లోడుతో మలుపులో ఉన్నవానికి ఆ సంగతి ఏపాటి ఊరట?

పాత డీజిల్ ఇంజిన్‌తో మరొక చిక్కున్నది. స్టార్ట్ అయిన తర్వాత డీజిల్ పంపు చాలావరకు కరెంటు లేకుండానే నడిచిపోతుంది. కనుక ఛార్జింగ్ ఆగినా పగటిపూట డ్రైవరుకు తెలియదు. చీకటి పడి లైట్లు మసకబారినప్పుడే తెలుస్తుంది.

ఒక మల్టీమీటరు ఇంట ఉంచుకొనండి, పెద్ద ఖర్చు కాదు. రాత్రంతా నిలిపిన బండిలో ఉదయం బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 అయితే సగం. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుండి 14.5 నడుమ ఉండాలి. 15 దాటుతుంటే కటౌట్ చెడినట్లు. బ్యాటరీ కాగి, నీరు మాటిమాటికి తగ్గిపోతుంది. డైనమో దగ్గర సరిగా ఉండి బ్యాటరీ దగ్గర తక్కువైతే మధ్యలో వైరుదే లోపం. అతని బండిలో 12.9 మాత్రమే వచ్చినది. లైట్లు వేస్తే అదీ దిగిపోయినది. ఇంజిన్‌కు వచ్చే ఎర్త్ వైరు కొన కూడా పచ్చగా చిలుము పట్టి ఉన్నది.

ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఆగలేదు, కనుక డైనమో మంచిదే" అని తేల్చే పద్ధతి కొన్ని షాపులలో నేటికీ ఉన్నది. అలా తీసిన క్షణాన వోల్టేజి ఒక్కసారిగా ఎగసి, డైనమోలోని డయోడ్లు, కటౌట్ మాడిపోగలవు. ఎవరైనా ఆ పని చేయబోతే చేయి పట్టి ఆపండి.

ఆ రోజే కొత్త బెల్టు, ఎర్త్ వైరు, బల్బు వేయించాము. అరిగిన డైనమో పుల్లీని కూడా మార్పించాము. అరిగిన గాడిలో కొత్త బెల్టు వేస్తే అదీ త్వరగానే పాడవుతుంది. వాక్యూమ్ పంపు వద్ద చెమర్చుతున్న ఆయిల్ సీలు కూడా మార్చమన్నాము. నూనె తాకిన బెల్టు ఎక్కువ కాలం నిలువదు. కొత్త బెల్టు నడిచే కొద్దీ కొంత సాగుతుంది గనుక వారం తర్వాత మరల బిగువు చూపించుకొమ్మన్నాము. మొత్తం ఖర్చు కొత్త బ్యాటరీ వెలలో సగం కూడా కాలేదు.

మొన్న ఫోను చేశాడు. సీటు క్రింద ఒక బెల్టు, రెండు పానాలు పెట్టుకున్నాడట. చచ్చిందనుకున్న ఆ రెండవ బ్యాటరీకి షాపులో ఒక రాత్రంతా ఛార్జింగ్ పెట్టించాడు. ఇప్పుడు బండి నడుస్తున్నది దానితోనే.