పాత బండి అంటే చప్పుడు తప్పదా?

"బండి పాతదైతే చప్పుడు చెయ్యక ఏం చేస్తుందమ్మా, రేడియో పెంచుకోండి" అని నవ్వేశాడు మెకానిక్. ఆ సలహా నాకు అస్సలు నచ్చలేదు. మా నాన్న ఆ పికప్‌లో వారానికి నాలుగు రాత్రులు కోలారు వెళ్లి టమాటా తెస్తారు. పోనూ రానూ దాదాపు 140 కిలోమీటర్లు. అంతసేపూ డ్యాష్‌బోర్డు కిర్రు కిర్రు. రేడియో పెంచితే బండి చెప్పే మిగతా మాటలూ వినబడవు కదా!

అందుకే ఆదివారం నాన్న నడుపుతుంటే నేను అరచేత్తో డ్యాష్‌బోర్డు ఒక్కోచోట నొక్కుతూ పోయాను. ఎక్కడ నొక్కితే ఆగిందో దొంగ అక్కడే. ఆ చప్పుడుని ఏమనాలో అమ్మ కన్నడలో, మేం తెలుగులో ఒకటే పోట్లాట. కానీ పేరు ముఖ్యమే. కిర్రుమంటే ప్లాస్టిక్కులు రాసుకుంటున్నట్టు, టకటకమంటే స్క్రూ వదులైనట్టు, గలగలమంటే లోపల ఏదో పడినట్టు. మా బండిలో మూడూ ఉన్నాయి. గలగల ఏంటంటే, గాలి వచ్చే కంతలోంచి జారిపడిన రెండు రూపాయల బిళ్ల!

స్క్రూలు బిగించాం, మరీ గట్టిగా కాదు, పాత ప్లాస్టిక్ పగులుతుంది. రాసుకునేచోట జె.సి. రోడ్డులో కొన్న ఫెల్ట్ టేపు అంటించాం. నూనె మాత్రం పొయ్యకండి, దుమ్ము పట్టేస్తుంది.

మెకానిక్‌ని తిట్టను. ఒక్కో చప్పుడూ వెతికే తీరిక అతనికెక్కడిది? కానీ "పాతది" అనేది జవాబు కాదు.

మంగళవారం తెల్లవారి కోలారు నుంచి వచ్చి నాన్న అన్నారు, ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా గుయ్‌మంటోందని. బేరింగు. ఇన్నాళ్లూ ఆ కిర్రులో అది వినబడనే లేదు.